కంప్యూటర్ సైన్స్ కాదు, కంప్యుటేషనల్ సైన్స్: ఆ చదువేంటి, ఆ ఉద్యోగాలెక్కడ?

అడ్మిషన్ల రోజుల్లో కావలిలో మా ఇంటికి ఒక రొయ్యల రైతు వచ్చారు. అల్లూరు పక్క ఆయనకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. వెంట కొడుకు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. రైతు చేతిలోని ఫోన్లో ఏదో యూనివర్సిటీ కోర్సుల జాబితా ఉంది.

“సార్, ఈడ చూడండి. కంప్యుటేషనల్ సైన్స్ అని ఉండాది. కంప్యూటర్ సైన్స్‌నే తప్పుగా కొట్టినారా ఏంది?”

తప్పు కాదన్నాను. “అయితే తేడా ఏంది?” అని అడిగారు. ఇన్నేళ్లుగా డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు నా దగ్గర లేదు. ఆలోచిస్తే, జవాబు ఆయన గుంటలోనే ఉందనిపించింది.

“రాత్రిపూట డీవో ఎట్లా పడిపోతుందో చెప్పన్నా” అన్నాను.

గుంటలో లెక్క

రొయ్యల రైతును నిద్ర పోనివ్వనిది నీళ్లలో కరిగిన ఆక్సిజన్. దాన్నే అందరూ డీవో అంటారు. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్లలో తేలే కంటికి ఆనని జీవాలు, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు గూకగానే తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్యలు, ఆ ప్లాంక్టన్, అడుగు బురదలో కుళ్లే మేత, అన్నీ రాత్రంతా పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో అట్టడుగుకు చేరుతుంది. రొయ్యలు ఊపిరాడక నీటి పైకి వచ్చేది ఆ వేళకే.

ఇప్పుడు దీన్ని లెక్కలో పెడదాం. అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవి. సాయంత్రం 6 గంటలకు లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంది. గుంటలోని ప్రాణులన్నీ కలిసి గంటకు 0.6 వాడుకుంటాయి. ఆ నీళ్లు గాలి నుంచి పట్టి ఉంచుకోగలిగిన హద్దు 7. నీటిలో అంతకంటే తక్కువుంటే, ఆ లోటులో నూటికి 5 వంతులు గంటకు గాలి పూడుస్తుంది. హద్దు మించి ఉంటే అదే లెక్కన గాలిలోకి పోతుంది.

7 గంటలకు ఎంత ఉంటుంది? 8లో 0.6 ప్రాణులు వాడాయి. హద్దుకు పైనున్న 1లో 0.05 గాలికి పోయింది. మిగిలింది 7.35. ఇదే పద్ధతిలో 8 గంటలకు 6.73. పిల్లవాడు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి గంట గంటకూ వేసుకుంటూ పోయాడు. అర్ధరాత్రికి 4.56 వచ్చింది. తెల్లవారుజామున 3 గంటలకు 3.19, 6 గంటలకు 2.02.

“ఏరియేటర్లు వేస్తే?” అన్నాడు వాడే.

ఏరియేటర్లంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు. అవి తిరిగితే గాలి పూడ్చే లోటు గంటకు నూటికి 5 నుంచి 20 వంతులకు పెరుగుతుందనుకున్నాం. అర్ధరాత్రి వేస్తే పొద్దున 6 గంటలకు 4.15 ఉంది, మధ్యలో ఎక్కడా 4 కిందికి దిగలేదు. 3 గంటలకు వేస్తే పొద్దునకు 3.59కి మాత్రమే లేచింది. మూడు గంటల కరెంటు ఖర్చు ఒకవైపు, తెల్లారేదాకా రొయ్య పడే ఒత్తిడి ఇంకోవైపు. ఏది లాభమో ఇప్పుడు బేరీజు వేసుకోవచ్చు.

రైతు నవ్వారు. “ఇది మాకు తెలిసిందే గదా సార్. పన్నెండుకే ఏస్తాం.”

నిజమే. ఆయన గుంట గురించి ఆయనకు ఏ లెక్కా అక్కర్లేదు, ఇన్ని పంటల అనుభవం ఉంది. అయితే వచ్చే పంటకు సీడ్, అంటే రొయ్య పిల్లలు, రెండింతలు వేస్తే? రెండు ఏరియేటర్లు తగ్గిస్తే? పంటను పణంగా పెట్టి ఆ సంగతి తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. కాగితం మీద గుంటను తవ్వి, అందులో సీడ్ వేసి, రాత్రంతా నడిపి చూడవచ్చు. చచ్చినా అంకెలే చస్తాయి. దీన్నే సిమ్యులేషన్ అంటారు. ప్రకృతిలోనో, యంత్రంలోనో, బజారులోనో జరిగేదాన్ని ముందు లెక్కల సూత్రంగా రాయాలి. తర్వాత ఆ సూత్రాన్ని కంప్యూటర్‌తో అడుగడుగునా నడపాలి. చివర వచ్చిన జవాబును నిజంతో పోల్చి చూడాలి. ఈ మూడు పనులు కలిస్తే కంప్యుటేషనల్ సైన్స్. కంప్యూటర్ వచ్చేది రెండో పనిలో మాత్రమే.

అడుగు ఎంత వేయాలి?

మేము గంటకో అడుగు వేశాం. బద్ధకించి పన్నెండు గంటలకూ కలిపి ఒకటే అడుగు వేసి ఉంటే? మొదటి గంటలో తగ్గింది 0.65, దాన్ని పన్నెండుతో గుణిస్తే 7.8. పొద్దున మిగిలేది 0.2. అంటే గుంట మొత్తం పోయినట్టే లెక్క. ఈ చిన్న ఉదాహరణకు కాగితం మీద సూత్రంతో కచ్చితమైన జవాబు కూడా తీయవచ్చు, అది 2.13. గంట అడుగుతో వచ్చిన 2.02 దానికి దగ్గరగా ఉంది. పన్నెండు గంటల అడుగు మాత్రం బతికున్న పంటను చంపేసింది.

అలాంటప్పుడు అడుగు నిమిషానికి తగ్గిస్తే సరి గదా అనిపిస్తుంది. సరే, కానీ అరవై రెట్లు లెక్క చేయాలి. ఎంత చిన్న అడుగు చాలు, వచ్చిన తప్పు ఎంతలోపు ఉందని ఎలా చెప్పగలం, తక్కువ లెక్కతో ఎక్కువ కచ్చితత్వం ఎలా వస్తుంది అన్నవే న్యూమరికల్ మెథడ్స్ అనే సబ్జెక్టు ప్రాణం. నా డిగ్రీ రోజుల్లో ఆ సబ్జెక్టును మాకు పది మార్కుల ప్రశ్నగా చెప్పారు. న్యూటన్-రాఫ్సన్ సూత్రం రాయి, మూడు సార్లు తిప్పు, జవాబు కింద గీత గీయి, అంతే. అది దేనికో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

చెప్పి ఉండాల్సిన కథ ఒకటుంది. 1991 ఆగస్టులో నార్వేలో స్లైప్నర్ అనే చమురు ప్లాట్‌ఫారం కాంక్రీటు పునాదిని సముద్రంలో పరీక్షిస్తుండగా గోడ చిట్లి అది మొత్తం మునిగిపోయింది. విచారిస్తే, కంప్యూటర్‌లో ఆ గోడను ముక్కలుగా విడగొట్టి బలాలు లెక్కకట్టినప్పుడు ఒక కీలకమైన చోట ఆ విభజన సరిగా లేదని తేలింది. అక్కడ గోడను కోసేలా పనిచేసే బలం (షియర్) లెక్కలో ఉండాల్సిన దానికంటే 47 శాతం తక్కువగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. జవాబును అనుమానించాల్సిన మనిషి అనుమానించలేదు.

తుపాను కూడా గుంటలాంటిదే

1989 నవంబరు తుపానును కావలి వాళ్లకు గుర్తుచేయాల్సిన పనిలేదు. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేలను దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలం పుంజుకుని మా తీరానికే కొట్టింది. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు నెల్లూరు, మచిలీపట్నం మధ్య బాపట్ల దగ్గర దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ రెండు తుపాన్ల మధ్య 34 ఏళ్లలో ఉపగ్రహాలు పెరిగాయి, రాడార్లు పెరిగాయి. వాటితో సమానంగా పెరిగింది లెక్క.

ఆ లెక్క మన గుంట లెక్కకు పెద్దన్నే. గాలిని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో ఒత్తిడి, వేడి, తేమ, గాలివేగం ఇప్పుడెంతో రాసుకుంటారు. పక్క గళ్ల నుంచి ఏం వస్తుంది, వాటికి ఏం పోతుంది అన్నదాన్ని భౌతికశాస్త్ర సూత్రాలతో కొద్ది నిమిషాల అడుగులుగా నడుపుతారు.

దీన్ని మొట్టమొదట చేతితో చేసి చూసింది లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త. ఆరు గంటల వాతావరణం లెక్కకట్టడానికి ఆయనకు వారాలు పట్టింది. వచ్చిన జవాబు ఘోరంగా తప్పింది. అయినా దాచుకోకుండా 1922లో పుస్తకంగా వేశారు. 64 వేల మంది మనుషుల్ని ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చని అందులో ఊహించారు కూడా. 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ మీద తొలి అంచనా వేశారు. 24 గంటల అంచనాకు దాదాపు 24 గంటలే పట్టింది. అంటే రేపటి సంగతి రేపటికే తెలిసింది.

మన దేశంలో ఆ మధ్య దాకా ప్రపంచమంతటినీ 12 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్కకట్టేవారు. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గళ్లతో నడుస్తోంది. సగమే కదా తగ్గింది అనుకోకండి. పొడవులో సగం, వెడల్పులో సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి. గడి చిన్నదైతే కాలం అడుగు కూడా సగం చేయాలి, లేకపోతే మన పన్నెండు గంటల అడుగులాగే లెక్క చెదిరిపోతుంది. మొత్తం పని ఎనిమిదింతలు. పుణెలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ అనే సూపర్ కంప్యూటర్లను 2024 సెప్టెంబరులో ప్రారంభించింది ఇలాంటి పనులకే. ‘అర్క’ వేగం 11.77 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు పదకొండు వేల లక్షల కోట్లకు పైగా లెక్కలు.

ఇంత చేసినా హద్దుంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న వాతావరణ నమూనాను మళ్లీ నడిపేటప్పుడు 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని కొట్టారు. కొద్దిసేపు రెండు జవాబులూ కలిసి నడిచాయి, తర్వాత ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి. అందుకే ఇప్పుడు ఒకే అంచనాను నమ్మరు. మొదలును కాస్త అటూ ఇటూ మార్చి అనేకసార్లు నడుపుతారు. తుపాను దారి మ్యాపులో ముందుకు పోయేకొద్దీ విప్పారే ఆ గరాటు ఆకారం మనల్ని గందరగోళపెట్టడానికి కాదు, తుపాను కేంద్రం వెళ్లగల మేరను చూపడానికి.

పేర్ల చిక్కు

కంప్యూటర్ సైన్స్‌లో చదివేది కంప్యూటర్ గురించే: అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌లు. బీసీఏ దాన్నే ఉద్యోగపు పనికి అన్వయించే రూపం. డేటా సైన్స్ ఇప్పటికే పోగైన లెక్కల్లోంచి పోలికలు వెతుకుతుంది. ఏ గుంటలో ఏ రోజు ఎంత డీవో ఉందో పదేళ్ల రికార్డు ఇస్తే రేపటిది ఊహిస్తుంది, ఎందుకలా అని దానికి పెద్దగా పట్టింపు లేదు. కంప్యుటేషనల్ సైన్స్ ఆ ‘ఎందుకు’ దగ్గర మొదలవుతుంది. రికార్డు లేని కొత్త పరిస్థితికి కూడా జవాబు చెప్పాలని చూస్తుంది. ఈ గీతలు గట్టివేమీ కావు, ముఖ్యంగా ఇప్పుడు.

ఇంకో చిక్కుంది. ఈ చదువు చాలాచోట్ల వేరే పేర్లతో తిరుగుతుంది. జీవశాస్త్రంలో బయోఇన్ఫర్మాటిక్స్, మెకానికల్‌లో గాలి, నీటి ప్రవాహాలను లెక్కకట్టే సీఎఫ్‌డీ, సివిల్‌లో కట్టడాన్ని ముక్కలుగా విడగొట్టి బలాలు చూసే ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ, బ్యాంకింగ్‌లో ధరలను, రిస్కును లెక్కకట్టే క్వాంట్. కాలేజీ బోర్డు మీద అసలు పేరు కనబడలేదంటే ఆ చదువు లేదని కాదు.

ఇక్కడ మొదలుపెట్టేవాళ్లకు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డిగ్రీ స్థాయిలో ఆ పేరుతో కోర్సు కోసం వెతుక్కోవడం దండగ. కావాల్సిన సరుకు మాత్రం దొరుకుతుంది. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల కాలేజీల్లో లెక్కలో, ఫిజిక్సో, స్టాటిస్టిక్సో మేజర్‌గా తీసుకుని కంప్యూటర్స్ మైనర్‌గా పెట్టుకోవడం నా సలహా. మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీ ఒకే మేజర్ పద్ధతికి మారినప్పుడు పాత ఎంపీసీఎస్‌లో లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్ మూడూ సమానంగా చదివే సౌకర్యం పోయింది. ఆ పద్ధతిలో మేజర్ ఎంపిక మునుపటికంటే బరువైన నిర్ణయం. కంప్యూటర్‌ను తర్వాతైనా నేర్చుకోవచ్చు. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ప్రాబబిలిటీ ఇరవై ఐదేళ్లు దాటాక సొంతంగా నేర్చుకున్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఇంజనీరింగ్‌కు పోయేవాళ్లకు నాదొక మాట ఉంది, చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు. సీఎస్‌ఈ సీటు రాలేదని సివిల్, మెకానికల్ వచ్చిన పిల్లలు ఏడుస్తూ కూర్చుంటారు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి విజయవాడ-చెన్నై రైళ్లు ఆగిపోయాయి గుర్తుందా? సోమశిల నుంచి ఎంత నీరు ఎప్పుడు వదిలితే నెల్లూరు దగ్గర ఎన్ని గంటలకు ఎంత ఎత్తు వస్తుందన్నది లెక్కకట్టగలిగే ప్రశ్న. దానికి హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్ అమెరికా సైన్యపు ఇంజనీర్లు తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు. గాలి, నీటి ప్రవాహాలకు ఓపెన్‌ఫోమ్ కూడా ఉచితమే. కోడింగ్ వచ్చిన సివిల్ ఇంజనీరుకు వరద లెక్క తెలుసు. వరద తెలియని కోడర్‌కు ఆ లెక్క దగ్గరికి పోవడానికే ఏళ్లు పడుతుంది.

భాషల్లో పైథాన్‌తో మొదలెట్టి, సీ ప్లస్ ప్లస్‌కు పోవాలి. 1957లో పుట్టిన ఫోర్ట్రాన్‌ను ముసలిదని నవ్వకండి, వాతావరణ నమూనాలు చాలావరకు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. లినక్స్ తప్పదు. పనిని వేల ప్రాసెసర్లకు పంచే ఎంపీఐ, గ్రాఫిక్ కార్డుల మీద నడిపే కుడా (CUDA) లాంటివి పీజీలో చూసుకోవచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో న్యూమరికల్ మెథడ్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

అసలైన తలుపు పీజీ. బెంగళూరు ఐఐఎస్సీలో కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ పేరుతో ఒక విభాగమే ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో కంప్యుటేషనల్ అండ్ ఇంటిగ్రేటివ్ సైన్సెస్ స్కూల్ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఇంటర్ తర్వాతే కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ కలిపి చేసే ఐదేళ్ల కోర్సు ఉంది. పీజీకి దారులు గేట్, జామ్, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు. గేట్ ఇంజనీర్లకే అని మన డిగ్రీ పిల్లలు అనుకుంటారు. డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్న బీఎస్సీ విద్యార్థి కూడా రాయవచ్చు. 2024 నుంచి అందులో డేటా సైన్స్, ఏఐ పేపరు కూడా వచ్చింది. పీహెచ్‌డీలో చేరి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు.

ఉద్యోగాలు

ఉద్యోగ ప్రకటనల్లో ‘కంప్యుటేషనల్ సైంటిస్ట్ కావలెను’ అని అరుదుగా ఉంటుంది. సిమ్యులేషన్ ఇంజనీర్, సీఏఈ (కంప్యూటర్‌తో డిజైన్ పరీక్ష) అనలిస్ట్, సీఎఫ్‌డీ ఇంజనీర్, హెచ్‌పీసీ (సూపర్ కంప్యూటర్లు నడిపే) ఇంజనీర్, బయోఇన్ఫర్మాటిక్స్ సైంటిస్ట్, మాలిక్యులర్ మోడలింగ్, క్వాంట్ రీసెర్చర్, ఇలా వెతకాలి. కార్లు, విమాన ఇంజన్లు డిజైన్ చేసే కంపెనీల పరిశోధన కేంద్రాలు బెంగళూరు, చెన్నై, పుణెల్లో ఉన్నాయి. కారును గోడకు గుద్దడానికి ముందు కంప్యూటర్‌లో ఎన్నోసార్లు గుద్దుతారు. హైదరాబాద్ మందుల కంపెనీల్లో ఒక అణువు ప్రొటీన్‌కు అతుక్కుంటుందా లేదా అన్నది గాజు గొట్టంలో చూసేముందు కంప్యూటర్‌లో చూస్తారు.

ప్రభుత్వం వైపు చూస్తే సముద్రపు అలలు, ఉప్పెనలు, సునామీ హెచ్చరికలు చూసే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. జువ్వలదిన్నె మత్స్యకారుడికి చేపలు ఎక్కడ దొరకవచ్చో చెప్పే సమాచారం అక్కడి నుంచే వస్తుంది. 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ తయారుచేసిన పుణె సీడాక్, వాతావరణ సంస్థలు, ఇస్రో, డీఆర్‌డీవో, బార్క్ ఉన్నాయి. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరోళ్లం ఇంకా మాదే అంటాం. అక్కడ పీఎస్‌ఎల్‌వీ ఎగిరే రోజు బెలూన్లు వదిలి పైగాలుల్ని కొలుస్తారు, ఆ గాలికి తగ్గట్టు రాకెట్ మలుపుల్ని మళ్లీ లెక్కకట్టి ఎక్కిస్తారు.

ఇబ్బందులూ చెప్పాలి. బీఎస్సీ అవగానే ఈ ఉద్యోగాలు రావు. పీజీ తప్పనిసరి, పరిశోధన వైపైతే పీహెచ్‌డీ కూడా. క్యాంపస్‌కు వచ్చి వందల మందిని ఒకేసారి తీసుకునే కంపెనీలు ఈ పనికి తీసుకోవు. పోస్టులు తక్కువ, పోటీదారులూ తక్కువే. ఇరవై రెండేళ్లకు జీతం ఇంటికి రావాల్సిన కుటుంబాలుంటాయి, వాళ్లకు ఈ దారి కష్టం. అలాంటి పిల్లలతో ముందు మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరమనే చెబుతాను.

“ఏఐ వచ్చి ఇదంతా మింగేయదా?” అన్నది ఈ మధ్య అందరూ అడిగే ప్రశ్న. కొంత మింగింది. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ పది రోజుల వాతావరణ అంచనాను నిమిషంలోపు తీసి చూపించింది. అయితే అది దేన్ని చూసి నేర్చుకుంది? దశాబ్దాల వాతావరణాన్ని భౌతికశాస్త్ర నమూనాలతో తిరిగి లెక్కకట్టి పెట్టిన రికార్డును చూసి. 2024 కెమిస్ట్రీ నోబెల్ ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో కనిపెట్టినవాళ్లకు, కొత్త ప్రొటీన్లు రూపొందించినవాళ్లకు వచ్చింది. అక్కడా ఏఐకి పాఠం చెప్పింది ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి తేల్చిన ప్రొటీన్ల ఆకారాలే. ఉత్త కోడ్ రాసే పనికి ఏఐ పోటీ. ఏ సూత్రం రాయాలో, వచ్చిన జవాబును ఎక్కడ అనుమానించాలో తెలిసినవాడికి అది సహాయకుడు.

ఆ పిల్లవాడు లెక్కల మేజర్‌లోనే చేరాడు. రెండు నెలల తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని తండ్రితో మళ్లీ వచ్చాడు. మేము వేసిన గంట గంట లెక్కను పైథాన్‌లో రాసి గ్రాఫ్ గీశాడు. తండ్రి కళ్లజోడు సర్దుకుని ఆ వంపును చాలాసేపు చూశారు.

“సాయంత్రం ఎప్పుడూ ఎనిమిదే ఉంటాదా రా?”

“ఉంటాదని పెట్టుకున్నాం నాయనా.”

“మబ్బు పట్టిన దినం ఐదు కూడా ఉండదు గదా. ఆ పొద్దు పన్నెండు దాకా ఆగితే ఏం మిగులుతాది?”

వాడు 8 తీసేసి 5 కొట్టాడు. వంపు రాత్రి పదిన్నరకల్లా 3 కిందికి దిగిపోయింది. పొద్దున ఎండ ఎంత కాసిందో రాయడానికి ఇంకో వరుస కావాలంటూ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.